ట్యూబులో గర్భం: ఇంజెక్షన్ కన్నా ముందు క్యాలెండర్ చూసుకోండి

పర్లాకిమిడిలో ఒక చిన్న ల్యాబులో పదకొండేళ్ళుగా రక్తం తీస్తున్నాను. డాక్టర్ని కాదు, నర్సునీ కాదు. కానీ ట్యూబులో గర్భం వచ్చినవాళ్ళు డాక్టర్ని చూసినన్ని సార్లు నన్నూ చూస్తారు. ఆపరేషన్ లేకుండా మెథోట్రెక్సేట్ అనే ఇంజెక్షన్‌తో నయం చేసే పద్ధతిలో సగం పని రక్తపరీక్షదే మరి. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒక్కటే. ఇంజెక్షన్ వేయడానికి నిమిషం చాలు. ఆ తర్వాతి మూడు నాలుగు వారాలు ఎక్కడ ఉంటారు, తోడు ఎవరుంటారు, ఏ ల్యాబుకి వెళ్తారు, అర్ధరాత్రి నొప్పొస్తే బండి ఎవరిది అన్నవే అసలు సంగతులు. వీటిని ఇంజెక్షన్ కన్నా ముందే తేల్చుకోవాలి.

మా సరిహద్దులో దీనికి ఇంకో చిక్కు. అత్తవారిల్లు ఒడిశాలో, కన్నవారిల్లు ఆంధ్రాలో. 1936లో గీత గీసినవాళ్ళు పెళ్ళి సంబంధాల గురించి ఆలోచించలేదు పాపం. ఆంధ్రా వైపున్న పాతపట్నం మాకు ఆటో దూరం. అందుకని స్కానింగ్ శ్రీకాకుళంలో, ఇంజెక్షన్ బరంపురంలో, నాలుగో రోజు రక్తం మా దగ్గర, ఏడో రోజు టెక్కలిలో అవుతుంది. కాగితాలు నాలుగు సంచుల్లో ఉంటాయి, మొత్తం కథ ఏ ఒక్క డాక్టరుకీ తెలియదు.

ముందు విషయం ఏమిటో

గర్భసంచిలో అంటుకోవాల్సిన పిండం దారిలోనే, ట్యూబులో ఆగిపోయి అక్కడే అంటుకుంటుంది. వంద గర్భాల్లో ఒకటో రెండో గర్భసంచి బయట వస్తాయి, అలా వచ్చినవాటిలో 90 శాతానికి పైగా ట్యూబులోనే. గర్భసంచి సాగినట్టు ట్యూబు సాగదు. పిండం పెరిగేకొద్దీ ట్యూబు గోడ చిరుగుతుంది, కడుపులోకి రక్తం పోతుంది. పైకి చుక్కలు చుక్కలుగానే కనిపించవచ్చు, లోపల మాత్రం లీటరు పోయి ఉండవచ్చు.

"ట్యూబులోంచి తీసి గర్భసంచిలో పెట్టలేరా?" అని ప్రతి అత్తగారూ అడుగుతుంది. పెట్టలేరు. అలాంటి వైద్యం లేదు. ఈ గర్భం నిలబడదు, తల్లిని కాపాడుకోవడమే మిగిలిన పని. ఈ ముక్క ఇంట్లో మొదటిరోజే చెప్పేయండి. లేకపోతే "ఇంకో వారం చూద్దాం, గుండె చప్పుడు వస్తుందేమో" అంటూ రోజులు పోతాయి.

ఇంతకు ముందు ఒకసారి ట్యూబులో వచ్చినవాళ్ళు, ట్యూబుకి ఏదైనా ఆపరేషన్ అయినవాళ్ళు, కటి భాగంలో ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ళు, గర్భసంచికి టీబీ సోకినవాళ్ళు, పిల్లల కోసం ఐవీఎఫ్ వైద్యం చేయించుకున్నవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. పొగ తాగడం కూడా ఒక కారణమే. మా వైపు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చే ముసలమ్మలకి ఈ బాధ లేదు గానీ, వయసులో ఉన్నవాళ్ళు బీడీ అలవాటు ఉంటే డాక్టరుకి దాచకండి. పిల్లల ఆపరేషన్ అయినా, కాపర్ టీ ఉన్నా గర్భం రావడం అరుదు. కానీ వస్తే అది ట్యూబులో ఉండే అవకాశం ఎక్కువ. "నాకు ఆపరేషన్ అయిపోయింది కదా" అని నెల తప్పినా పట్టించుకోనివాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ఇవన్నీ లేనివాళ్ళకీ వస్తుంది, సుమారు సగం మందికి ఏ కారణమూ కనపడదు. కాబట్టి ఎవరి తప్పో వెతికే పని పెట్టుకోకండి.

అనుమానం ఎప్పుడు రావాలి

చివరి నెలసరి నుంచి ఆరు, ఎనిమిది వారాల మధ్య ఎక్కువగా బయటపడుతుంది. నెల తప్పడం, పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, ముదురు రంగులో కొంచెం కొంచెం బ్లీడింగ్. ఈ మూడూ అందరికీ కలిసి రావు. కొందరు ఆ బ్లీడింగ్‌నే ఆలస్యంగా వచ్చిన నెలసరి అనుకుని ఊరుకుంటారు. అందుకే పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడమనిషికి కడుపునొప్పి వస్తే, గ్యాస్ మాత్ర కన్నా ముందు మూత్రంతో చేసే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయాలి. మెడికల్ షాపులో దొరికే కార్డు చాలు.

కళ్ళు తిరిగి పడిపోవడం, మొహం పాలిపోవడం, చెమటలు పట్టి ఒళ్ళు చల్లబడటం, మలవిసర్జనకి వెళ్ళాలన్నట్టు ఒత్తిడి, భుజం కొసన నొప్పి ఉంటే ట్యూబు చిరిగిందనే అనుకోవాలి. భుజానికీ కడుపుకీ ఏం సంబంధమని అడుగుతారు. కడుపులో పేరుకున్న రక్తం పైన డయాఫ్రమ్‌ని, అంటే ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండరపు పొరని తాకితే, ఆ నొప్పి నరాల దారిలో భుజంలో తెలుస్తుంది.

ఒకామె మా ల్యాబుకి హిమోగ్లోబిన్ పరీక్షకని నడుచుకుంటూ వచ్చింది. వాళ్ళ ఆడపడుచు తోడు. రెండు రోజులుగా కుడి భుజం లాగేస్తోందని, ఊడ్పులకి వంగి వంగి పట్టేసిందని బామ్ రాసుకుంది. గదంతా ఆ వాసనే. రక్తం తీద్దామని చెయ్యి పట్టుకుంటే వేళ్ళు మంచులా ఉన్నాయి. కనురెప్ప కిందికి లాగి చూశాను, కాగితంలా తెల్లగా ఉంది. నెలసరి సంగతి అడిగితే "నెలన్నర అయింది, మొన్న కిట్ మింగాను, బ్లీడింగ్ అయిపోయింది" అంది. రిపోర్టు కోసం ఆగకుండా అక్కడి నుంచే హాస్పిటల్‌కి పంపించాం. అదే పూట ఆపరేషన్ చేశారు, బతికింది. హిమోగ్లోబిన్ 5.8 అని తర్వాత తెలిసింది.

ఆ కిట్ గురించి చెప్పాలి. గర్భం పోవడానికి మెడికల్ షాపులో ఇచ్చే మాత్రలు గర్భసంచిలో ఉన్న గర్భం మీదే పనిచేస్తాయి. ట్యూబులో ఉన్నదాన్ని అవి ఏమీ చేయలేవు. కానీ బ్లీడింగ్ మాత్రం అవుతుంది, దాంతో "పోయింది" అనుకుని నిశ్చింతగా ఉంటారు. లోపల ట్యూబులోది పెరుగుతూనే ఉంటుంది. స్కాన్ చేసి గర్భం ఎక్కడుందో చూడకుండా ఆ మాత్రలు ముట్టుకోకండి.

పరీక్షలు: రెండు అంకెలు, ఒక స్కాన్

స్కాన్‌కి వెళ్ళేటప్పుడు ఆధార్ పట్టుకెళ్ళండి. గర్భిణి స్కానింగ్ కాబట్టి ఫారం నింపుతారు, గుర్తింపు అడుగుతారు. పొట్ట పైనుంచి చేసే స్కాన్ కన్నా లోపలి నుంచి, అంటే యోని ద్వారా చేసే స్కాన్‌లో ముందుగా, స్పష్టంగా తెలుస్తుంది. కొత్తవాళ్ళు సిగ్గుపడి వద్దంటారు. అడిగితే ఆడ డాక్టరు చేసే చోటు చెప్తారు, దాని కోసం పరీక్షే మానుకోవద్దు.

రక్తంలో బీటా హెచ్‌సీజీ చూస్తారు. మేము బీటా అంటాం. గర్భం వస్తే పెరిగే హార్మోను అది. ఒక్కసారి చూస్తే గర్భం ఎక్కడుందో చెప్పదు, అందుకే 48 గంటల తర్వాత మళ్ళీ తీస్తారు. మొదటి అంకె 1,500 లోపు ఉంటే, మంచి గర్భంలో రెండు రోజుల్లో కనీసం సగం దాకా, అంటే 49 శాతం పెరగాలి. మొదటి అంకె 1,500 దాటినప్పుడు 40 శాతం, 3,000 దాటినప్పుడు 33 శాతం పెరిగినా చాలు. ఈ రోజు 900 వస్తే ఎల్లుండికి 1,340 దగ్గరకి రావాలి. 1,050 దగ్గరే నిలిస్తే అనుమానం. అయితే బాగా పెరిగినంత మాత్రాన ట్యూబులో లేదని ధైర్యంగా చెప్పలేం, ట్యూబులోవి కూడా కొన్ని మామూలుగానే పెరుగుతాయి.

బీటా 3,500 చేరినా లోపలి స్కాన్‌లో గర్భసంచిలో పిండం ఉండే సంచి కనపడకపోతే గర్భం బయట ఉందన్న అనుమానం బలపడుతుంది. కొంతమంది డాక్టర్లు ఇంకా తక్కువ అంకె దగ్గరే అనుమానిస్తారు. ఇక్కడ నా మాట ఒకటి. ఒక్క బీటా అంకె చూసి, స్కాన్‌లో ఇంకేమీ తేలకుండా, మీరు నిలకడగా ఉండగా ఆ రోజే మెథోట్రెక్సేట్ వేస్తామంటే, "48 గంటలు ఆగి ఇంకోసారి చూడొచ్చా?" అని అడగండి. బాగున్న గర్భానికి పొరపాటున ఈ మందు పడితే ఆ గర్భం పోతుంది, పోకపోతే బిడ్డకి అవయవలోపాలు రావచ్చు. కళ్ళు తిరుగుతూ, బీపీ పడిపోతున్న మనిషికి మాత్రం ఈ ఆగడం వర్తించదు. అప్పుడు ఆపరేషనే.

రెండు అంకెలూ ఒకే ల్యాబులో తీయించండి. ఒక్కో మెషీన్ ఒక్కోలా చదువుతుంది. మా దగ్గర 1,800 వచ్చింది వేరే చోట 2,100 రావచ్చు. నిజంగా పెరిగిందో, మెషీన్ తేడానో తెలియక డాక్టరు జుట్టు పీక్కోవాలి.

మందు ఏమిటి, ఎవరికి

మందు పేరు మెథోట్రెక్సేట్. కణాలు విడిపోవడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. ఈ మందు దాని పనికి అడ్డుపడుతుంది, వేగంగా పెరిగే కణాలు ఆగిపోతాయి, ట్యూబులో ఉన్నది మెల్లగా కరిగిపోతుంది. క్యాన్సర్‌కి వాడే మందు కదా అని భయపడతారు, ఇక్కడ డోసు చాలా తక్కువ. ఇది మనవాడి మందు కూడా. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ లాబొరేటరీస్‌లో నడిపిన బృందమే 1940ల్లో ఫోలిక్ యాసిడ్‌ని, తర్వాత దాన్ని అడ్డుకునే ఈ రకం మందుల్ని తయారుచేసింది. ట్యూబు గర్భానికి వాడటం 1982లో జపాన్‌లో మొదలైంది. అంతకు ముందు కత్తి తప్ప దారి లేదు.

మనిషి నిలకడగా ఉండాలి, ట్యూబు చిరగకూడదు, ట్యూబులో గర్భం ఉన్న గడ్డ సుమారు 3.5 సెంటీమీటర్ల లోపు ఉండాలి, పిండానికి గుండె చప్పుడు ఉండకూడదు, బీటా 5,000 లోపు ఉంటే మంచిది. ఎంత తక్కువ ఉంటే అంత బాగా పనిచేస్తుంది. సరిగ్గా ఎంచుకున్నవాళ్ళలో పదిమందిలో సుమారు తొమ్మిది మందికి ఆపరేషన్ లేకుండా అయిపోతుంది. బీటా 5,000 దాటినకొద్దీ విఫలమయ్యే అవకాశం పెరుగుతుంది. బీటా చాలా తక్కువగా ఉండి, దానంతట అదే దిగుతుంటే కొందరికి మందు కూడా ఇవ్వకుండా రక్తపరీక్షలతోనే గమనిస్తారు.

పాలిచ్చే తల్లికి, లివర్ జబ్బు ఉన్నవాళ్ళకి, కడుపులో అల్సర్ ఉన్నవాళ్ళకి, ఊపిరితిత్తుల జబ్బు నడుస్తున్నవాళ్ళకి, తెల్లకణాలో ప్లేట్‌లెట్లో బాగా తక్కువ ఉన్నవాళ్ళకి ఇవ్వరు. కిడ్నీ సంగతి విడిగా చెప్తాను. ఈ మందు ఒంట్లోంచి కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. కిడ్నీ నెమ్మదిగా ఉంటే మందు లోపలే నిలిచి విషమవుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస వైపు, అంటే ఉద్దానం నుంచి మా వైపుకి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు బోలెడంతమంది. ఏ కారణమూ తెలియకుండా కిడ్నీలు పాడయ్యే ప్రాంతం అది. మీ పుట్టిల్లు అటైతే క్రియాటినిన్, అంటే కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష రిపోర్టు డాక్టరు చూశారో లేదో మీరే అడగండి. మీకు పాతికేళ్ళే ఉండొచ్చు, అయినా అడగండి.

ఇంజెక్షన్‌కి ముందు సీబీపీ (రక్తకణాల లెక్క), లివర్ పరీక్ష, క్రియాటినిన్, రక్తం గ్రూపు తప్పనిసరి. గ్రూపు నెగెటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమా అని అడగండి. ఇంట్లో ఎవరికైనా సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉంటే చెప్పండి. కొరాపుట్, రాయగడ వైపు అది ఎక్కువ. రేపు రక్తం ఎక్కించాల్సి వస్తే ముందే తెలిసి ఉండటం మంచిది.

డోసు బరువు, ఎత్తు రెండూ చూసి లెక్క కడతారు. శరీర వైశాల్యం చదరపు మీటరుకి 50 మి.గ్రా. 50 కిలోలు, 150 సెంటీమీటర్లు ఉన్న మనిషికి లెక్క సుమారు 72 మి.గ్రా. వస్తుంది. అందుకే ఆ రోజు బరువు తూచాలి, ఎత్తు కొలవాలి. "సుమారు యాభై ఉంటుందిలెండి" అని నోటిమాటగా చెప్పకండి. తుంటి కండకి వేస్తారు. కీళ్ళవాతానికి వాడే ఇదే మందు మాత్రలు షాపులో ఉంటాయి, వాటిని ఎవరో చెప్పారని మింగడం ప్రాణాంతకం.

ఇప్పుడు క్యాలెండర్ తీయండి

ఇంజెక్షన్ వేసిన రోజుని ఎక్కువమంది ఒకటో రోజు అంటారు, కొందరు సున్నా అంటారు. ముందు ఇదే అడగండి. ఒక్క రోజు తేడాతో లెక్క తప్పుతుంది. ఒకటో రోజు అనుకుంటే, సోమవారం ఇంజెక్షన్ అయితే నాలుగో రోజు గురువారం, ఏడో రోజు ఆదివారం. ఆదివారం మా ల్యాబు మూసేస్తాం! ముందురోజు ఫోన్ చేసి చెప్తే ఎవరో ఒకరం వచ్చి తీస్తాం. చాలా చిన్న ల్యాబుల్లో బీటా అక్కడే చేయరు, శాంపిల్ పెద్ద ఊరికి పంపుతారు. మా ఐస్ బాక్స్ బండి సాయంత్రం నాలుగింటికి వెళ్ళిపోతుంది. నాలుగున్నరకి వచ్చి చెయ్యి చాపితే ఆ రక్తం మర్నాడే కదులుతుంది, రిపోర్టు ఇంకో రోజు ఆలస్యం. మీ ల్యాబు బండి ఎన్నింటికో కనుక్కోండి. ల్యాబుకి సెలవని ఇంజెక్షన్‌ని మాత్రం వాయిదా వేయకండి, ల్యాబు ఏర్పాటు చూసుకోండి.

నాలుగో రోజు అంకె పెరిగి కనిపిస్తే గుండె జారిపోతుంది. రిపోర్టు ఇచ్చేటప్పుడు ఆ మొహాలు నేను చూశాను. అప్పటికి పెరగడం మామూలే, మందు పట్టడానికి టైమ్ పడుతుంది. అసలు చూడాల్సింది నాలుగో రోజు నుంచి ఏడో రోజుకి ఎంత దిగిందన్నది. కనీసం 15 శాతం దిగాలి. మొదటి రోజు 1,840, నాలుగో రోజు 2,310, ఏడో రోజు 1,790 అనుకోండి. 2,310లోంచి 520 పోయింది, అంటే 22 శాతం పైనే దిగింది, బాగుంది. ఏడో రోజు 2,050 ఉంటే దిగింది 11 శాతమే, రెండో ఇంజెక్షన్ వేయాల్సి రావచ్చు. దాన్ని వైద్యం ఫెయిలయిందని అనుకోకూడదు, ఈ పద్ధతిలో అది ఉన్నదే. బీటా కాస్త ఎక్కువున్నవాళ్ళకి కొందరు డాక్టర్లు మొదటి రోజు, నాలుగో రోజు రెండు ఇంజెక్షన్లు ముందే అనుకుని వేస్తారు. రోజు విడిచి రోజు వేసే ఇంకో పద్ధతి ఉంది, అందులో మధ్య రోజుల్లో మందు చేటు తగ్గడానికి ఫోలినిక్ యాసిడ్ ఇస్తారు, ఇది ఫోలిక్ యాసిడ్ మాత్ర కాదు. అది డాక్టరు కావాలని ఇచ్చేది, దాన్ని మానేయకండి.

ఏడో రోజు బాగా దిగితే ఇక వారానికోసారి, బీటా 5 లోపుకి వచ్చేదాకా. ఎక్కువమందికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఎనిమిది వారాలు. ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే. అంకె 2,000 నుంచి 300కి వచ్చింది, ఒంట్లో బాగుంది, ఛార్జీలు దండగ అని మానేస్తారు. బీటా దిగుతున్నా, తక్కువ ఉన్నా ట్యూబు చిరిగే ప్రమాదం ఉంటుంది. చివరి అంకె దాకా రండి.

ఒక అట్ట మీద తేదీ, బీటా అంకె, ల్యాబు పేరు రాసుకోండి. ఫోన్‌లో ఫోటో తీసి ఇంట్లో ఇద్దరికి పంపండి. రాత్రిపూట వేరే ఊరి డాక్టరు చూడాల్సి వస్తే ఆ అట్టే మీ తరఫున మాట్లాడుతుంది.

ఎక్కడ ఉండాలి

ఇంజెక్షన్ అవగానే "కొన్నాళ్ళు కన్నవారింట్లో రెస్ట్ తీసుకో" అంటారు. మాట మంచిదే. కానీ ఆ ఊరి నుంచి రాత్రి ఒంటిగంటకి ఆపరేషన్ చేసి రక్తం ఎక్కించగలిగే హాస్పిటల్‌కి ఎంతసేపట్లో చేరగలరు? అమ్మ దగ్గరా అత్త దగ్గరా అన్నది తర్వాత. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కొరాపుట్‌లో సహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ, ఆంధ్రా వైపు శ్రీకాకుళం ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉన్నాయి. మీకు ఏది దగ్గరో, వానాకాలంలో ఏ దారి తెరిచి ఉంటుందో ఇప్పుడే అనుకోండి. ఘాట్ రోడ్డు అవతల, సిగ్నల్ లేని ఊళ్ళో, ఆగస్టు వానల్లో ఉంటారంటే నాకైతే మందు వైద్యం కన్నా లాపరోస్కోపీ, అంటే చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషనే నయమనిపిస్తుంది. ఈ మాట డాక్టరుతో అనడానికి మొహమాటపడకండి. "మేము రాత్రిపూట రాలేం, ల్యాబుకి వారం వారం రాలేం" అని చెప్తే వాళ్ళ నిర్ణయమే మారవచ్చు. రెండో ట్యూబు బాగుంటే, పాడైన ట్యూబు తీసేసినా తర్వాత గర్భం వస్తుంది.

డబ్బు సంగతి. రెండు రాష్ట్రాల ఆరోగ్య పథకాల కార్డులు వేరు. మీ కార్డు సరిహద్దు అవతల చెల్లుతుందో లేదో ముందే హాస్పిటల్ కౌంటర్‌లో అడగండి. 108 రెండు వైపులా ఉంది, అయినా ఊళ్ళో కారున్న ఒకాయనకి ముందే చెప్పి పెట్టుకోండి.

ఒడిశా వైపు హాస్పిటల్లో రాత్రి డ్యూటీలో తెలుగు వచ్చినవాళ్ళు లేకపోవచ్చు. తోడు వచ్చిన మగవాళ్ళు అక్కడ నోరు పెగలక నిలబడిపోతారు. "పేటొ బింధుచి, రొక్తొ జాఉచి" అంటే కడుపు నొప్పి, రక్తం పోతోంది అని. ఆ రెండు ముక్కలు చెప్పి అట్ట చూపిస్తే చాలు.

ఇంట్లో ఉన్నన్ని రోజులు

ఫోలిక్ యాసిడ్ ఆపాలి. ఇది రాసినంత తేలిక కాదు. నెల తప్పిందని ఆశా దీదీ తెచ్చిచ్చిన ఐరన్ మాత్రల్లో కూడా ఫోలిక్ యాసిడ్ ఉంటుంది, బలానికని అత్తగారు కొన్న విటమిన్ మాత్రల్లోనూ ఉంటుంది. రక్తం పోయింది, ఐరన్ వేసుకో అని అందరూ ప్రేమగానే చెప్తారు. డబ్బాలన్నీ డాక్టరుకి చూపించి ఆపాల్సినవి ఆపండి. ఆకుకూరలు కొన్నాళ్ళు తగ్గించమని కొందరు డాక్టర్లు అంటారు, మీ డాక్టరు చెప్పినట్టు చేయండి.

నొప్పికి పారాసెటమాల్ వేసుకోవచ్చు. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటివి వద్దు, అవి మందుని ఒంట్లో నిలిపేస్తాయి. షాపులో "ఒళ్ళునొప్పుల మాత్ర" అని ఇచ్చే చీటీ లేని మాత్రల్లో పారాసెటమాల్‌తో పాటు అవీ కలిసి ఉండవచ్చు. మాత్రల స్ట్రిప్ వెనక పేరు చదివించుకోండి. కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ కూడా దీనితో కలిస్తే చేటు. జ్వరం వస్తే మా వైపు మలేరియానే అనుకుంటారు. మలేరియా పరీక్షతో పాటు సీబీపీ చేయించండి, మెథోట్రెక్సేట్ వేసుకున్నానని చెప్పండి.

మద్యం వద్దు. ఎండలో తిరగొద్దు, చర్మం మీద దద్దుర్లు వస్తాయి. బిందెలు మోయడం, ఊడ్పులు, గతుకుల రోడ్డు మీద బైక్ ప్రయాణం వద్దు. బీటా పూర్తిగా దిగేదాకా భార్యాభర్తలు కలవకూడదు. ఈ ముక్క హాస్పిటల్లో చెప్పినప్పుడు ఆయన బయట టీ తాగుతుంటాడు, ఇంటికెళ్ళి ఆమే చెప్పాల్సి వస్తుంది. వీలైతే డాక్టరు ముందు ఆయన్ని కూర్చోబెట్టండి.

నోట్లో పుండ్లు, వికారం, గ్యాస్, విరేచనాలు, నీరసం కొందరికి వస్తాయి, తగ్గిపోతాయి. పుండ్లు నోరంతా లేచి తిండి పోకపోతే ఆగకుండా చూపించండి.

ఇంజెక్షన్ అయ్యాక మూడు నుంచి ఏడు రోజుల మధ్య పొత్తికడుపు నొప్పి కొంచెం పెరగవచ్చు. ట్యూబులోది విడిపోతున్నప్పుడు వచ్చే నొప్పి అది. వచ్చి పోతుంది, పారాసెటమాల్‌కి లొంగుతుంది, మనిషి నడుస్తుంది, మాట్లాడుతుంది. లొంగని నొప్పి, ఒక్కసారిగా పొడిచినట్టు వచ్చి కడుపంతా పాకే నొప్పి, లేచి నిలబడితే కళ్ళు చీకట్లు, భుజం నొప్పి, గంటకో ప్యాడ్ తడిసే బ్లీడింగ్, వీటిలో ఒక్కటి వచ్చినా ఫోన్లో సలహాలు అడగొద్దు, బయల్దేరండి. ఆపరేషన్ పడవచ్చు కాబట్టి దారిలో ఏమీ తినిపించకండి, తాగించకండి. రక్తం ఇవ్వగలిగినవాళ్ళని ఇద్దరిని వెంట తీసుకెళ్ళండి.

తర్వాత

బీటా సున్నాకి దగ్గరయ్యాక నెలసరి వస్తుంది. మళ్ళీ గర్భం కోసం కనీసం మూడు నెలలు ఆగాలి, మందు ప్రభావం ఒంట్లోంచి పోవాలి. ఈ మూడు నెలలు ఏం వాడాలో డాక్టర్ని అడగండి. తర్వాత ప్రయత్నం మొదలుపెట్టే ముందు ఫోలిక్ యాసిడ్ మళ్ళీ మొదలుపెట్టాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

ఏడుపు వస్తే ఏడవనివ్వండి. ఆరు వారాల గర్భమే కదా అనేవాళ్ళు ఇంటి నిండా ఉంటారు. స్కాన్ కాగితం దిండు కింద పెట్టుకున్న పిల్లని నేను చూశాను, వాళ్ళమ్మ తీసేయబోతే "ఉండనీ" అంది. ఉండనివ్వడమే మంచిది. పైగా అది భద్రంగా దాచుకోవాల్సిన కాగితమే.

ఎందుకంటే ఒకసారి ట్యూబులో వచ్చినవాళ్ళకి పదిమందిలో సుమారు ఒకరికి మళ్ళీ అలా వస్తుంది. మిగతావాళ్ళలో ఎక్కువమందికి గర్భసంచిలోనే వస్తుంది. ఈసారి నెల తప్పగానే మూడో నెల దాకా దాచిపెట్టే ఆనవాయితీ పక్కన పెట్టండి. తప్పిన వారానికే కార్డు టెస్ట్, చివరి నెలసరి నుంచి లెక్కేసి ఆరో వారానికి లోపలి స్కాన్. గర్భసంచిలో ఉందని ఆ స్కాన్‌లో తేలేదాకా పాత అట్ట చేతిసంచిలోనే ఉంచుకోండి.